మేయర్‌కి ఓటేశాం సరే, ఆయన చేతిలో ఏముంది? – గ్రేటర్ మాంచెస్టర్

సాల్ఫోర్డ్_వాసి
2025 అక్టోబరు 11, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్నాను.

పోయినేడాది మే 2న మా వీధి చివర స్కూల్లో పోలింగ్. పనికి వెళ్లే ముందే నేనూ మా ఆవిడా వెళ్లాం. ఇండియా పాస్‌పోర్టు చూపిస్తే లిస్టులో పేరు కొట్టేసి చేతిలో మూడు కాగితాలు పెట్టారు. ఒకటి వార్డు కౌన్సిలర్‌కి, రెండోది సాల్ఫోర్డ్ సిటీ మేయర్‌కి, మూడోది గ్రేటర్ మాంచెస్టర్ మేయర్‌కి. మా ఆవిడ అక్కడే మెల్లగా అడిగింది, "ఇద్దరు మేయర్లెందుకండీ?" అని. నా దగ్గర జవాబు లేదు. తెలిసిన పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టి బయటికొచ్చేశాం.

మొన్న కాగితాలు సర్దుతుంటే కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు కనపడింది. కౌన్సిల్ వసూలు చేసేది కాక, మేయర్ పేరు మీద ఇంకో రెండు వరుసలున్నాయి. ఒకటి పోలీసులకి. ఇంకోటి జనరల్, అందులోనే ఫైర్ సర్వీసు. అంటే ఆయనకి మా ఇంటి నుంచి డబ్బు వెళ్తోంది. చెత్త ఎత్తకపోతే ఫోను కౌన్సిల్‌కి. పిల్లాడి స్కూలు సీటుకీ కౌన్సిలే. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్య సేవ. మరి ఈ మేయర్ దేనికి? వాదన కోసం అడగడం లేదు. 2028లో మళ్లీ ఓటెయ్యాలి, ఈసారి తెలిసి వెయ్యాలని.

---

బోల్టన్_అక్క
అక్టోబరు 11, రాత్రి 9:48

తమ్ముడూ, మా ఆసుపత్రి వార్డులో పేషెంట్లు కూడా మేయరే ఆసుపత్రులు నడుపుతాడనుకుంటారు. అది నిజం కాదు. కానీ ఆ మాట ఎలా పుట్టిందో చెప్పాలి. ఇప్పుడు డ్యూటీకి టైమైంది, రేపు వివరంగా రాస్తాను.

---

పది_ఊళ్లు
అక్టోబరు 11, రాత్రి 11:05

నేను ఇక్కడ ఒక కౌన్సిల్‌లో ప్లానింగ్ విభాగంలో పదకొండేళ్లుగా చేస్తున్నాను. తెలిసినంత చెప్తాను.

గ్రేటర్ మాంచెస్టర్ అంటే పది కౌన్సిళ్లు. మాంచెస్టర్, సాల్ఫోర్డ్, బోల్టన్, బరీ, ఓల్డ్‌హామ్, రాచ్‌డేల్, స్టాక్‌పోర్ట్, టేమ్‌సైడ్, ట్రాఫర్డ్, విగన్. 28 లక్షల పైచిలుకు జనం. ఒకప్పుడు అందరికీ కలిపి ఒక కౌంటీ కౌన్సిల్ ఉండేది. 1986లో థాచర్ ప్రభుత్వం దాన్ని తీసేసింది. ఆ తర్వాత పాతికేళ్ల పాటు పది కౌన్సిళ్లూ కమిటీలు వేసుకుని, ఇచ్చిపుచ్చుకుని నెట్టుకొచ్చారు. 2011 ఏప్రిల్‌లో చట్టబద్ధంగా కంబైన్డ్ అథారిటీ, అంటే పది కౌన్సిళ్లూ కలిసి నిర్ణయాలు తీసుకునే సంస్థ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఇలాంటిది ఇదే మొదటిది.

మేయర్ పదవి వచ్చిన తీరు మాత్రం వేరు. 2012 మేలో మాంచెస్టర్ నగరానికి మేయర్ కావాలా అని జనాన్ని అడిగితే వద్దన్నారు. రెండేళ్లు తిరిగాక, 2014 నవంబరులో, అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ పది కౌన్సిళ్ల లీడర్లతో ఒప్పందం చేసుకున్నాడు. అధికారాలు, డబ్బు ఇస్తాను, కానీ పది ఊళ్లకీ కలిపి జనం నేరుగా ఎన్నుకున్న ఒక మనిషి ఉండాలి, అది నా షరతు అన్నాడు. లీడర్లు ఒప్పుకున్నారు. ఈసారి జనాన్ని ఎవరూ అడగలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ నచ్చదు. ఫలితం మంచిదే అయినా సరే, అడిగి ఉండాల్సింది.

2017 మేలో మొదటి ఎన్నిక. ఆండీ బర్న్‌హామ్ 63 శాతం ఓట్లతో గెలిచాడు. 2021లోనూ 2024లోనూ ఆయనే.

ఇక చేతిలో ఏముందంటే: బస్సులు, ట్రాములు. పోలీసుల మీద అజమాయిషీ, అంటే బడ్జెట్టు, చీఫ్ కాన్‌స్టేబుల్ నియామకం. రోజువారీ కేసుల్లో వేలు పెట్టడానికి లేదు. ఫైర్ సర్వీసు. పెద్దవాళ్ల చదువు, నైపుణ్యాల డబ్బు. ఇళ్ల నిర్మాణానికి అప్పులిచ్చే నిధి. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి ఇంకో మార్పు వచ్చింది. ఇంతకు ముందు లండన్ మంత్రిత్వ శాఖలు ఒక్కో పనికి ఒక్కో పద్దు కింద డబ్బిచ్చేవి, ప్రతిదానికీ దరఖాస్తు. ఇప్పుడు 60 కోట్ల పౌండ్లకు పైగా ఒకే మూటగా ఇచ్చి, మీరే సర్దుకోండి అన్నారు. ఆఫీసులో కూర్చుని ఆ దరఖాస్తులు నింపినవాడిగా చెప్తున్నాను, ఇది చిన్న మార్పు కాదు.

మీ సాల్ఫోర్డ్ సిటీ మేయర్ వేరు. ఆయన మీ ఒక్క కౌన్సిల్‌కే. ఇవి కాక మెడలో గొలుసు వేసుకుని ప్రారంభోత్సవాలకొచ్చే మేయర్లుంటారు, వాళ్లది గౌరవ పదవి.

---

సాల్ఫోర్డ్_వాసి
అక్టోబరు 12, ఉదయం 8:15

చాలా థాంక్స్ అండీ. ఒక్క డౌటు. పది మంది లీడర్లు ఎలాగూ ఉన్నారు కదా. వాళ్లే కూర్చుని బస్సుల సంగతి చూసుకోవచ్చు. మధ్యలో ఈయనెందుకు?

---

పసుపు_బస్సు
అక్టోబరు 12, మధ్యాహ్నం 1:30

అన్నా, దీనికి జవాబు నేను చెప్తాను. బస్సు డ్రైవర్ని. 2019 నుంచి ఇక్కడే నడుపుతున్నాను.

1986 అక్టోబరు నుంచి లండన్ బయట ఇంగ్లండ్ అంతా బస్సులు ప్రైవేటు కంపెనీల ఇష్టం. ఏ రూటులో నడపాలి, ఎంత తీసుకోవాలి, ఎప్పుడు ఆపెయ్యాలి, అంతా వాళ్లదే. లాభం వచ్చే విల్మ్‌స్లో రోడ్డు లాంటి చోట నాలుగు కంపెనీల బస్సులు ఒకదాని వెనకాల ఒకటి వచ్చేవి. కొండ మీద ఎస్టేటులో ఉండే ముసలావిడకి సాయంత్రం ఆరు దాటితే బస్సుండేది కాదు. ఆ రూటు నడవాలంటే కౌన్సిళ్లు మళ్లీ మన పన్ను డబ్బుల్లోంచి కంపెనీకి ఇచ్చుకోవాలి.

నేను అప్పుడు పనిచేసిన కంపెనీ పేరు చెప్పను. ఒక శీతాకాలం రాత్రి, వాన. గుంటూరు అబ్బాయి ఒకడు ఎక్కాడు, చేతిలో వారం పాసు. అది వేరే కంపెనీ పాసు. నా బస్సులో చెల్లదు. వాడు నా మొహం చూసి "అన్నా, తెలుగా?" అన్నాడు. అవునన్నాను. అయినా దిగమని చెప్పాల్సి వచ్చింది. బస్సులో కెమెరా ఉంటుంది, ఉద్యోగం నాది. వాడు మళ్లీ డబ్బు పెట్టి టికెట్ కొని వెనక సీట్లో కూర్చున్నాడు. వాడి తప్పేం లేదు, నాదీ లేదు. ఆ పద్ధతే అలాంటిది.

2017లో బస్సుల చట్టం వచ్చింది. బస్సుల్ని మళ్లీ చేతిలోకి తీసుకునే అధికారం నేరుగా ఇచ్చింది ఎవరికంటే, మేయర్ ఉన్న కంబైన్డ్ అథారిటీలకే. అప్పట్లో మేయర్ లేని చోట ముందు మంత్రిగారి అనుమతి కావాల్సి వచ్చేది. మీ ప్రశ్నకి సూటి జవాబు ఇదే అన్నా. పది మంది లీడర్లు ఎంతసేపు కూర్చున్నా ఆ తాళంచెవి వాళ్లకి రాలేదు. మేయర్ కుర్చీతోనే వచ్చింది.

2021 మార్చిలో మేయర్ నిర్ణయం తీసుకున్నాడు. రెండు కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2022లో కింది కోర్టులో ఓడిపోయాయి, పై కోర్టుకెళ్లిన అప్పీలూ అదే ఏడాది నిలబడలేదు. 2023 సెప్టెంబరు 24న బోల్టన్, విగన్ వైపు మొదలైంది. 2024 మార్చిలో ఓల్డ్‌హామ్, రాచ్‌డేల్. ఈ ఏడాది జనవరి 5న మిగతావన్నీ. బీ నెట్‌వర్క్ అని పేరు, పసుపు రంగు బస్సులు, మీద తేనెటీగ బొమ్మ. మాంచెస్టర్ కార్మికులకి తేనెటీగ పాత గుర్తు.

మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది మన ఆర్టీసీ అద్దె బస్సు లాంటిది. బస్సు యజమాని ఇంకెవరో. కానీ రూటు ఆర్టీసీది, టైము ఆర్టీసీది, టికెట్టు డబ్బులు ఆర్టీసీవి. యజమానికి నడిపినందుకు లెక్క కట్టి ఇస్తారు. ఇక్కడా దాదాపు అంతే. బస్సు ఆలస్యమైతే కంపెనీకి కోత పడుతుంది.

మారిన రోజు అదే డిపో, అదే స్టీరింగు, అదే రూటు. తేడా మెషీన్‌లో కనపడింది. ఎవరు ఏ పాసు పెట్టినా కూసింది. గంటలోపు ఎన్ని బస్సులు మారినా 2 పౌండ్లే. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఈ జనవరిలో గరిష్ట ఛార్జీ 3 పౌండ్లకి పెరిగింది, ఇక్కడ మాత్రం 2 దగ్గరే ఆపారు. మార్చి నుంచి బ్యాంకు కార్డు తాకిస్తే బస్సూ ట్రామూ కలిపి లెక్క అదే చూసుకుంటోంది.

---

విద్యార్థి_2024
అక్టోబరు 12, మధ్యాహ్నం 2:10

అన్నా ఆ పాసు కథ చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మేం వచ్చేసరికి అంతా పసుపు బస్సులే. ఇలాంటి కష్టం ఉండేదని సీనియర్లు కూడా చెప్పలేదు.

---

మిడిల్స్‌బ్రో_మిత్రుడు
అక్టోబరు 12, సాయంత్రం 6:40

అందరూ ఒకవైపే రాస్తున్నారు. ఈశాన్య ఇంగ్లండ్‌లోని టీస్ వ్యాలీ నుంచి నా మాట కూడా వినండి.

మా మేయర్ బెన్ హౌచెన్, కన్సర్వేటివ్. 2017లో కొద్ది తేడాతో గెలిచాడు. మూతపడేలా ఉన్న విమానాశ్రయాన్ని 2019లో ప్రభుత్వ డబ్బుతో కొన్నాడు. జనానికి బాగా నచ్చింది. మాకూ నచ్చింది, కాదనను. 2021లో 73 శాతం ఓట్లొచ్చాయి. 2024లో కూడా గెలిచాడు.

రెడ్‌కార్‌లో ఉక్కు ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ వేల ఎకరాల స్థలాన్ని బాగు చేసి కొత్త పరిశ్రమలకి ఇచ్చే పని మేయర్ కిందికి వచ్చింది. అందులో ప్రైవేటు భాగస్వాముల వాటా సగం నుంచి 90 శాతానికి పెరిగింది. టెండర్ పిలిచి ఇచ్చింది కాదు. గొడవ ముదిరి ప్రభుత్వం విచారణ వేసింది. 2024 జనవరిలో నివేదిక వచ్చింది. అవినీతి జరిగినట్టు ఆధారం లేదని అందులో ఉంది, అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. కానీ పారదర్శకత చాల్లేదనీ, ప్రజల సొమ్ముకి తగ్గ విలువ వచ్చిందని చెప్పలేమనీ కూడా ఉంది.

నా బాధ ఆ మనిషి గురించి కాదు. మాకు ఐదు కౌన్సిళ్లున్నాయి. 73 శాతం జనం వెనకున్న మనిషిని ఐదుగురు లీడర్లు ఎదురుగా కూర్చుని ఏం అడుగుతారు? ఏ రోజు అడుగుతారు? లండన్‌లో మేయర్ ఉన్నాడు, ఆయన్ని ప్రశ్నించడానికి 2000 నుంచీ జనం ఎన్నుకున్న 25 మంది సభ్యుల అసెంబ్లీ కూడా ఉంది. మాకు లేదు. మీ మాంచెస్టర్‌కీ లేదు. మంచి మేయర్ దొరికినంత కాలం అది గుర్తుకు రాదు.

---

పది_ఊళ్లు
అక్టోబరు 12, రాత్రి 8:25

మిత్రుడు గారు చెప్పింది వందశాతం నిజం. మా దగ్గర పరిశీలన కమిటీ ఉంది. అందులో పది కౌన్సిళ్ల కౌన్సిలర్లే కూర్చుంటారు. వాళ్ల సొంత కౌన్సిల్ పనికే టైము చాలదు. వాళ్లని తప్పుపట్టలేను.

కానీ ఇక్కడ మేయర్‌కి అడ్డుకట్ట లేదనడం సరికాదు. నా పనిలో నేను చూసింది చెప్తాను. పది ఊళ్లకీ కలిపి ఇళ్లు, పరిశ్రమలు ఎక్కడ రావాలో ఒక ప్లాన్ వేశాం. ఏళ్ల తరబడి పని. మ్యాపులు, సర్వేలు, జనం రాసిన వేల ఉత్తరాలు. దానికి పది కౌన్సిళ్లూ ఒప్పుకోవాలి. 2020 డిసెంబరులో స్టాక్‌పోర్ట్ కౌన్సిల్ ఓటింగ్ పెట్టి, మా ఊరి చుట్టూ ఉన్న పచ్చని నేల పోతుంది, మేం రాం అంది. అంతే. మేయర్‌కి లక్షల ఓట్లున్నా ఒక్క కౌన్సిల్‌ని కదపలేకపోయాడు. మర్నాడు మ్యాపులో స్టాక్‌పోర్ట్ ఉన్న చోటు ఖాళీ చేసి, లెక్కలన్నీ తొమ్మిదికి మళ్లీ కట్టడం మొదలుపెట్టాం. ఆ తొమ్మిది ఊళ్ల ప్లాన్ 2024 మార్చిలో గానీ అమల్లోకి రాలేదు.

కాలుష్యం పన్ను సంగతీ అంతే. పాత వ్యాన్లు, టాక్సీలు తిరిగితే రోజువారీ రుసుము అన్నారు. ఊరంతా బోర్డులు పాతారు, కెమెరాలు పెట్టారు. టాక్సీ నడుపుకునేవాళ్లు, చిన్న వ్యాపారులు రోడ్డెక్కారు. 2022 ఫిబ్రవరిలో ఆపేశారు. ఈ జనవరిలో ఆ రుసుము లేకుండానే వేరే ప్లాన్‌కి ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ బోర్డుల డబ్బు జనానిదే కదా. బస్సుల మార్పుకి 13 కోట్ల పౌండ్లకు పైగా అయింది, అదీ జనానిదే. ఒకటి నిలబడింది, ఒకటి వృథా అయింది. రెండూ ఒకే మేయర్ హయాంలోనే.

---

బోల్టన్_అక్క
అక్టోబరు 13, ఉదయం 10:30

డ్యూటీ దిగి, నిద్ర లేచి రాస్తున్నాను.

ఆసుపత్రుల సంగతి. 2015 ఫిబ్రవరిలో పెద్ద ప్రకటన వచ్చింది, గ్రేటర్ మాంచెస్టర్ ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ బడ్జెట్టు 600 కోట్ల పౌండ్లు ఇక్కడివాళ్ల చేతికే అని. 2016 ఏప్రిల్ నుంచి అమలు. పేపర్లన్నీ డెవో మాంక్ (మాంచెస్టర్‌కి అధికారాల బదిలీ) అని రాశాయి. అప్పటి నుంచే జనంలో ఆ మాట ఉండిపోయింది. అసలు జరిగింది, ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లూ కౌన్సిళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఆ డబ్బు గురించి నిర్ణయించుకోవడం. 2022 జులై నుంచి దేశమంతటిలాగే ఇక్కడా ఆ డబ్బు చూసుకోవడానికి ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ల ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డు వచ్చింది. ఆసుపత్రి మేయర్ కింద లేదు. ఆపరేషన్ లిస్టు ఆయన తగ్గించలేడు. కాబట్టి డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆయన్ని తిట్టుకోవద్దు తమ్ముడూ.

కానీ నా జీవితంలో ఆయన నిర్ణయం తాకిన చోటు ఒకటుంది. నాకు డ్యూటీలు రాత్రి పన్నెండుకీ ఒంటిగంటకీ కూడా అయిపోతాయి. ఇదివరకు అయితే టాక్సీ, లేదంటే మా ఆయన నిద్ర లేచి పిల్లని వెనక సీట్లో పడుకోబెట్టుకుని రావాలి. పోయినేడాది సెప్టెంబరులో బోల్టన్ నుంచి మాంచెస్టర్‌కి వెళ్లే 36 నంబరు, లీ నుంచి వెళ్లే వీ1, రెండూ రాత్రంతా నడపడం మొదలుపెట్టారు. ముందు ప్రయోగం అన్నారు. మొదటి రాత్రి బస్సెక్కి చూస్తే క్లీనింగ్ పనివాళ్లు, హోటల్ వంటవాళ్లు, ఇంకో ఇద్దరు నర్సులు. అందరం యూనిఫాంలోనే. ఎవరూ మాట్లాడుకోలేదు, అలసిపోయి ఉన్నాం. మా ఆయనకి మెసేజ్ పెట్టాను, పడుకోండి, నేనే వస్తున్నానని.

పోలీసుల విషయం కూడా రాయాలి. మంచి ఒక్కటే రాస్తే న్యాయం కాదు. 2020 డిసెంబరులో తనిఖీ అధికారులు తేల్చింది, గ్రేటర్ మాంచెస్టర్‌లో ఏడాదిలో 80 వేల నేరాలు రికార్డులోకే ఎక్కలేదని. పోలీసు శాఖని ప్రత్యేక పర్యవేక్షణలో పెట్టారు, చీఫ్ కాన్‌స్టేబుల్ తప్పుకున్నాడు. అప్పటికి మూడున్నరేళ్లుగా ఆ శాఖ బాధ్యత మేయర్‌దే. మరి ఆయన ముందే ఎందుకు పట్టుకోలేకపోయాడు? 2022 అక్టోబరుకి శాఖ ఆ పర్యవేక్షణ నుంచి బయటికొచ్చింది, నిజమే. కానీ ఆ 80 వేల మందిలో ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లున్నారు. వాళ్లు నా వార్డులోకే వస్తారు. అది నేను మర్చిపోలేను.

---

బర్మింగ్‌హామ్_భాను
అక్టోబరు 13, మధ్యాహ్నం 12:50

వెస్ట్ మిడ్‌లాండ్స్ నుంచి రెండు ముక్కలు.

ఓటు విలువ అడిగినవాళ్లకి: 2024లో మా మేయర్ ఎన్నికలో తేడా 1,508 ఓట్లు. ఏడు కౌన్సిళ్లకీ కలిపి! అప్పటి మేయర్ ఆండీ స్ట్రీట్ ఓడి, రిచర్డ్ పార్కర్ గెలిచాడు. మా ఆఫీసులో ఆ రోజు ఓటేయడానికి బద్ధకించినవాళ్లు ఇప్పటికీ ఆ అంకె తలుచుకుంటారు.

రెండోది, మేయర్ మాట ఎంతవరకు చెల్లుతుందంటే, 2023 అక్టోబరులో స్ట్రీట్ సొంత పార్టీ ప్రధాని రిషి సునాక్ మాంచెస్టర్‌కే వచ్చి, పాత రైల్వే స్టేషన్‌ని సభాభవనంగా మార్చిన చోట నిలబడి, బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్‌కి రావాల్సిన హెచ్‌ఎస్2 అనే హైస్పీడ్ రైలు మార్గం రద్దు అన్నాడు. స్ట్రీట్ రాజీనామా దాకా వెళ్లి ఆగాడు. రెండు ప్రాంతాల ఇద్దరు మేయర్లు, వేరే వేరే పార్టీలు, గట్టిగా వద్దన్నారు. రైలు మాత్రం పోయింది.

---

పాత_మున్సిపాలిటీ
అక్టోబరు 13, సాయంత్రం 5:15

పిల్లలూ, నేను హైదరాబాద్‌లో మున్సిపల్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు స్టాక్‌పోర్ట్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఆరునెలలు ఉంటున్నాను. మీ చర్చ చదివితే మా పాత రోజులు గుర్తొచ్చాయి.

మాకూ నేరుగా ఎన్నుకున్న మేయర్ ఉండేవాడు. 2002లో హైదరాబాద్ మేయర్‌గా తీగల కృష్ణారెడ్డిని జనమే ఓట్లేసి గెలిపించారు. తర్వాత 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు, అప్పటి నుంచి కార్పొరేటర్లు ఎన్నుకునే పద్ధతి. కానీ నేను లోపల ఉండి చూసిన మాట చెప్తాను. నేరుగా ఎన్నికైనా, కార్పొరేటర్లు ఎన్నుకున్నా, ఫైలు మీద ఆఖరి సంతకం కమిషనర్‌ది. కమిషనర్‌ని పంపేది రాష్ట్ర ప్రభుత్వం. బస్సులు ఆర్టీసీవి. నీళ్లు వాటర్ బోర్డువి. ఊరి ప్లాను హెచ్‌ఎండీఏది, దానికి ఛైర్మన్ ముఖ్యమంత్రి. పోలీసులు రాష్ట్రానివి. నగరం మొత్తం ఓటేసి గెలిపించిన మనిషి దగ్గరికి, మా కాలనీకి బస్సు లేదయ్యా అని జనం వస్తే ఆయన కూడా ఉత్తరమే రాయాలి.

1992లో 74వ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు మా ఆఫీసులో ఎంత సంబరపడ్డామో! 18 పనుల జాబితా ఇచ్చారు, మున్సిపాలిటీలకి అప్పగించవచ్చని. ఆ అప్పగించడం రాష్ట్రాల దయకి వదిలేశారు.

కాబట్టి పసుపు బస్సు బాబు చెప్పిన తాళంచెవి మాట నాకు బాగా పట్టింది. ముందు బస్సు చేతికిచ్చి, తర్వాత ఓటు అడిగారు మీ దగ్గర. మేం ఓటు ఒక్కటే ఇచ్చాం.

---

పది_ఊళ్లు
అక్టోబరు 13, రాత్రి 9:30

నమస్కారం సార్. మీ అనుభవం ముందు మాది చిన్నది. ఒక్క సవరణ చెప్పనివ్వండి. ఇక్కడ కూడా తాళంచెవులన్నీ ఇవ్వలేదు. పన్ను వేసే అధికారం దాదాపు లేదు. సాల్ఫోర్డ్_వాసి గారు బిల్లులో చూసిన ఆ రెండు వరుసలే మేయర్ సొంతంగా వసూలు చేయగలిగేది. మిగతాదంతా లండన్ ఇస్తేనే. ఇచ్చే చెయ్యి ఆగితే ఏమవుతుందో 2020 అక్టోబరు 20న చూశాం.

కోవిడ్ రెండో దశ. ఇక్కడ పబ్బులు, చాలా వ్యాపారాలు మూసెయ్యాలని లండన్ నిర్ణయం. మూస్తాం, కానీ జీతాలు పోయేవాళ్లకి 6.5 కోట్ల పౌండ్లు కావాలని మేయరూ పది మంది లీడర్లూ పట్టుబట్టారు. ప్రభుత్వం 6 కోట్ల దగ్గర ఆగింది. మాటలు తెగిపోయాయి. బ్రిడ్జ్‌వాటర్ హాల్ బయట మెట్ల దగ్గర మేయర్ విలేకరులతో మాట్లాడుతుండగా పక్కనున్న మనిషి ఫోను చూపించాడు, 2.2 కోట్లే ఇస్తున్నారని అందులో వార్త. లైవ్‌లో చదువుకున్నాడు. మేమంతా ఇంట్లో కూర్చుని టీవీలో చూశాం. ఆ 6 కోట్లు తర్వాత వచ్చాయి. ఆంక్షలు మాత్రం ఆగలేదు. ఆపే అధికారం ఆయనకి లేదు. కానీ పది మంది లీడర్లలో ఎవరు అక్కడ నిలబడినా దేశమంతా టీవీ పెట్టుకుని చూసేది కాదు. అది చట్టంలో రాయని అధికారం, ఓటుతో వచ్చింది. నేను మేయర్ పదవికి పూర్తిగా ఒప్పుకున్నది ఆ రోజే.

అయితే ఆ ఓటు బలంగా ఉండాలి. 2017లో ఓటేసింది వందకి 29 మంది. 2024లో 32. పైగా 2022 చట్టం రెండో ఓటు పద్ధతి తీసేసింది. ఇదివరకు మొదటి ఇష్టం, రెండో ఇష్టం రెండూ గుర్తు పెట్టేవాళ్లం, గెలిచిన మనిషికి ఎక్కువమంది ఒప్పుదల ఉండేది. ఈ మేలో వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ (బ్రిస్టల్ వైపు) మేయర్‌గా హెలెన్ గాడ్విన్ 25 శాతం ఓట్లతో గెలిచింది. ఆవిడ తప్పేం లేదు. కానీ నలుగురిలో ముగ్గురు వేరేవాళ్లకి వేస్తే, రేపు లండన్‌తో తలపడేటప్పుడు వెనక ఎవరున్నారని చూపిస్తుంది? జులైలో పార్లమెంటులో పెట్టిన డెవల్యూషన్ (ప్రాంతాలకి అధికారాలిచ్చే) బిల్లులో రెండో ఇష్టం ఓటు మళ్లీ తెస్తామన్నారు. తేవాలి. మిడిల్స్‌బ్రో మిత్రుడు అడిగిన అసెంబ్లీ లాంటిది మాత్రం అందులో లేదు. దాని కోసం మా ఎంపీకి ఉత్తరం రాశాను, మీరూ రాయండి.

---

మిడిల్స్‌బ్రో_మిత్రుడు
అక్టోబరు 13, రాత్రి 10:02

రాస్తాను. ఈ వారంలోనే.

---

విద్యార్థి_2024
అక్టోబరు 13, రాత్రి 10:40

ఒక డౌటు. నాది స్టూడెంట్ వీసా. సాల్ఫోర్డ్_వాసి అన్న ఇండియా పాస్‌పోర్టుతో ఓటేశానన్నారు. మాకూ ఓటుంటుందా? మా ఫ్లాట్‌లో ఐదుగురం ఉన్నాం, ఎవరికీ తెలియదు.

---

సాల్ఫోర్డ్_వాసి
అక్టోబరు 14, ఉదయం 7:50

ఉంటుంది తమ్ముడూ. మనం కామన్వెల్త్ దేశం వాళ్లం, వీసా మీద ఇక్కడ ఉంటున్నాం కాబట్టి కౌన్సిలర్‌కి, మేయర్‌కి, పార్లమెంటుకి కూడా వెయ్యొచ్చు. 18 నిండాలి, పేరు నమోదు చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాలు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకో. పోలింగ్ రోజు ఫొటో గుర్తింపు అడుగుతారు, ఇండియా పాస్‌పోర్టు సరిపోతుంది. ఫోన్లో ఈ-వీసా చూపిస్తే ఒప్పుకోరు, అది గుర్తుంచుకో. ఇల్లు మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

రాత్రి ఈ చర్చంతా మా ఆవిడకి చదివి వినిపించాను. బోల్టన్ అక్క రాసిన బస్సు సంగతి రెండుసార్లు చదివించుకుంది. తను ట్రాఫర్డ్ పార్కులో గిడ్డంగిలో షిఫ్టులు చేస్తుంది, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. మా వైపు ఆ టైముకి బస్సు లేదు. ఇంతకాలం అది ఎవరిని అడగాలో కూడా మాకు తెలియదు. ఈ రోజు మేయర్ ఆఫీసుకి తనే మెయిల్ రాస్తానంది. పసుపు బస్సు అన్నా, మా వైపు ఆ టైములో డిపో నుంచి ఖాళీగా బయటికొచ్చే బస్సులు ఏ దారిన వెళ్తాయో చెప్తే అది కూడా అందులో రాస్తుంది.

విద్యార్థి తమ్ముడూ, ఆదివారం మీ ఐదుగురూ మా ఇంటికి భోజనానికి రండి. లాప్‌టాప్ తెచ్చుకోండి, అందరి పేర్లూ ఒకేసారి నమోదు చేద్దాం.